నొప్పి మాత్రల మత్తు – గృహస్థులకు ఒక హెచ్చరిక



మా తాడిమర్రి వేరుశనగ పండు మెట్ట ప్రాంతము. ఒక ప్రక్క చిత్రావతి నది, మరియొక ప్రక్క ధర్మవరము పట్టు మగ్గములు. దినమంతయు వంగి చెనక్కాయ పెరికిన నడుము, దినమంతయు గుంత మగ్గమున కూర్చున్న నడుము, రెండును సాయంకాలమునకు ఒకే మాట చెప్పును. కనుక నా వైద్యశాలకు వచ్చువారిలో నొప్పులతో వచ్చువారే అధికులు. వారి నాడి చూచుటకు ముందే నేనొక ప్రశ్న వేయుదును: “ఇంతవరకు ఏ మాత్ర మింగుతున్నారు? ఆ షీటు చూపించండి.”

పూర్వము ఆ షీటు మీద పారాసిటమాల్ అనియో, డైక్లోఫినాక్ అనియో ఉండెడిది. ఇటీవలి సంవత్సరములలో ట్రమడాల్, టాపెంటడాల్ అను పేర్లు కనబడుచున్నవి. తెచ్చినవారు మాత్రము వీటిని కూడ “నొప్పి మాత్ర” అనియే అందురు. ఆ మాట నిజమే. అయితే ఇవి నల్లమందు జాతికి చెందిన మాత్రలన్న మాటయు అంతే నిజము. ఈ రెండవ మాటను రోగికి ఎవరును చెప్పకపోవుటయే అనర్థమునకు మొదలు. ఆ రెండవ మాట చెప్పుటకు, ఈ విషయమున నేను స్వయముగా చేసిన ఒక పొరపాటును మీ ముందుంచుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

అహిఫేనము – శాస్త్ర దృష్టి

చరక, సుశ్రుత సంహితలలో నల్లమందు ప్రస్తావన కానరాదు. ఇది మధ్యయుగమున మన వైద్య గ్రంథములలో ప్రవేశించినది. సంస్కృతమున దీనిని అహిఫేనము, అనగా పాము నురుగు అందురు. అరబ్బీ భాషలోని ‘అఫ్యూన్’ అను పదమే ఈ రూపము పొందెనని పండితుల అభిప్రాయము. గసగసాల మొక్కకు కాయ పచ్చిగా ఉన్నప్పుడు గాటు పెట్టగా కారు పాలు గట్టిపడి నల్లమందగును.

శార్ఙ్గధరాచార్యుడు దీనిని ‘వ్యవాయి’ ద్రవ్యములకు ఉదాహరణముగా చూపెను. మనము తిను ఆహారము, సామాన్య ఔషధము ముందు జీర్ణమై, పిదప దేహమున వ్యాపించును. వ్యవాయి ద్రవ్యము ఇందుకు విరుద్ధముగా ముందే దేహమంతయు వ్యాపించి, పిదప జీర్ణమగును. అందుకే దాని గుణము వెంటనే తెలియును. ఆ తక్షణ సుఖమే దాని ఆకర్షణ. ఆ తక్షణ సుఖమే దాని ప్రమాదము. రసశాస్త్రము దీనిని ఉపవిషములలో చేర్చి, అల్లపు రసముతో భావన చేసి శుద్ధి పరచిన పిమ్మటనే, అత్యల్ప మాత్రలో, అతిసారము వంటి వ్యాధులయందు వాడవలెనని నియమించినది.

నేను గురుకులమున ఉన్న దినములలో మా గురువుగారి వద్ద ఒక చిన్న కొయ్య పెట్టె ఉండెడిది. దాని తాళపు చెవిని ఆయన జంధ్యమునకు కట్టుకొనెడివారు. తక్కిన మందులన్నియు అలమారలో తెరచియే ఉండెడివి. “ఇంత త్వరగా గుణమిచ్చు మందును దాచనేల?” అని ఒకనాడు నేనడుగగా, ఆయన నవ్వి, “పని చెయ్యని మందుకు తాళమెందుకురా? పని చేసే మందుకే తాళం కావాలి” అనిరి. సరిగా వాడిన విషము ఔషధమగుననియు, చెడుగా వాడిన ఔషధము విషమగుననియు చరకుడు చెప్పిన సూత్రమును ఆయన నాకు ఆ ఒక్క మాటతో బోధించిరి.

మందు మారెను, మాయ మారలేదు

ఈ జాతి మందుల చరిత్ర పరిశీలించిన ఒక విచిత్రము తోచును. ప్రతి క్రొత్త మందును పాతదాని దోషము లేనిదిగానే బజారునకు వచ్చినది.

పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున జర్మనీలో సెర్ట్యూర్నర్ అను ఔషధ శాస్త్రజ్ఞుడు నల్లమందు నుండి మార్ఫీన్‌ను వేరు చేసెను. ఆ శతాబ్దము ముగియునప్పటికి మార్ఫీన్ వ్యసనపరులు పాశ్చాత్య దేశములలో విస్తరించిరి. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్ అను క్రొత్త మందును దగ్గు మందుగా విక్రయించినది. మార్ఫీన్ వలె ఇది అలవాటు పడదని ఆనాడు ప్రచారము. నేడు ఆ పేరు వినిననే ప్రపంచము భయపడును.

వంద సంవత్సరముల పిమ్మట అదే కథ మరల జరిగినది. 1996లో అమెరికాలో పర్డ్యూ అను కంపెనీ ఆక్సికాంటిన్ అను నొప్పి మాత్రను విడుదల చేసి, దీని వలన వ్యసనము కలుగుట అరుదని వైద్యులను నమ్మించినది. ఆ కంపెనీ తన నేరమును 2007లోను, 2020లోను న్యాయస్థానమున అంగీకరించినది. అప్పటికి అనర్థము చేయి దాటినది. మాత్రలతో మొదలైనవారు హెరాయిన్‌కు, పిదప ఫెంటానిల్‌కు మారిరి. 2021, 2022 సంవత్సరములలో ఆ దేశమున ఈ జాతి మందుల వలన మరణించినవారు ఏటికి 80,000కు మించిరి. మన తెలుగు కుటుంబములు అనేకము అచ్చట స్థిరపడి ఉన్నవి. పన్ను పీకించుకొన్నపుడో, శస్త్ర చికిత్స అయినపుడో ఇచ్చిన మాత్రలు మిగిలి అలమారలో ఉండిన, అవి పిల్లల చేతికి చిక్కవచ్చును. ఆ కుటుంబములవారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక.

ఇక ట్రమడాల్. ఇది 1977లో జర్మనీలో వాడుకలోనికి వచ్చినది. మార్ఫీన్ కంటె బలము తక్కువ గనుక భయము లేదని చాలకాలము భావించిరి. ఆ భావన తప్పని తేలిన పిదప, భారత ప్రభుత్వము 2018 ఏప్రిల్‌లో దీనిని మాదక ద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చినది. అటు పిమ్మట టాపెంటడాల్ వంతు. టాపెంటడాల్‌ను కారిసోప్రొడాల్ అను మరియొక మత్తు గల మందుతో కలిపిన మాత్రలు మన దేశము నుండి పశ్చిమ ఆఫ్రికా వీధులకు చేరుచున్నవని బయటపడగా, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆ మిశ్రమము తయారీని, ఎగుమతిని నిలిపివేయుటకు ఆదేశించిరి.

పరుల దోషములనే చెప్పి మన దోషము దాచుట ధర్మము కాదు. ఆయుర్వేదమున కామినీ విద్రావణ రసము అను మాత్రలలో నల్లమందు చేరును. పురుషశక్తికనియు, అలసట తీరుటకనియు దీనిని వైద్యుని ప్రమేయము లేకయే వాడి, విదేశములలో సైతము అనేకులు వ్యసనపరులైరి. ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై ప్రజలను హెచ్చరించినది. ‘ఆయుర్వేదము కనుక ప్రమాదము లేదు’ అను మాట శాస్త్రమెరుగనివారి మాట. మన ఔషధముల చట్టమున విషద్రవ్యముల పట్టికలో అహిఫేనము కూడ కలదు. అట్టివాటిని వైద్య పర్యవేక్షణలోనే వాడవలెనని సీసాపై ముద్రింపవలెను.

తెలుగు దేశమున దీని చరిత్ర

ఈ కీడు మనకు క్రొత్త కాదు. బ్రిటిషు కాలమున మద్రాసు రాజధానిలో నల్లమందు వాడకము గోదావరి, విశాఖపట్టణము జిల్లాలలో, ముఖ్యముగా మన్యమున అధికముగా ఉండెడిది. మన్యపు జ్వరమునకు అది రక్షయని అచ్చటివారి నమ్మకము. 1893లో నియమితమైన రాజ సంఘము ఎదుటను ఇట్టి వాదమే వినబడినది. కూలికి పోవు తల్లులు పసిబిడ్డ ఏడ్వకుండుటకు ఆవగింజంత నల్లమందు నాకించు దురాచారము దేశమున పలుచోట్ల ఉండెడిది. కొందరు బిడ్డలు ఆ నిద్ర నుండి లేవలేదు. స్వాతంత్ర్యానంతరము 1949లో జరిగిన అఖిల భారత సమావేశము, వైద్యమునకు గాక ఇతరముగా నల్లమందు తినుటను పదేండ్లలో పూర్తిగా నిలిపివేయవలెనని నిర్ణయించినది.

నల్లమందు దుకాణములు పోయినవి. కాని దాని సంతతి మాత్రల రూపమున వచ్చినది. 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము దేశమున సుమారు 2 కోట్ల 26 లక్షల మంది ఈ జాతి ద్రవ్యములను వాడుచున్నారు. వీటి వలన చిక్కులలో పడి సహాయము కావలసినవారిలో సగమునకు మించి కొన్ని రాష్ట్రములలోనే ఉన్నారు. ఉత్తరప్రదేశ్, పంజాబ్, హర్యానా, ఢిల్లీ, మహారాష్ట్ర, రాజస్థాన్, గుజరాత్‌లతో పాటు ఆ జాబితాలో మన ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది. ‘ఇది పంజాబువారి బాధ’ అనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను. 2025 మార్చిలో మన రాష్ట్రపు ఈగల్ దళము ‘ఆపరేషన్ గరుడ’ పేరిట మందుల దుకాణములను తనిఖీ చేయుటకు కారణమిదియే.

నేను చేసిన పొరపాటు

ఏడెనిమిది ఏండ్ల క్రిందట ఒక తల్లి తన కుమారుని, కోడలిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చెను. కుమారునికి ముప్పదియైదేండ్లు, నేతపని. నడుము నొప్పికి ఎవరో తోటివాడు ఇచ్చిన మాత్రతో మొదలై, ఏడాది తిరుగునప్పటికి దినమునకు ఎనిమిది ట్రమడాల్ మాత్రలకు చేరెను. చీటీ లేకయే ఒక దుకాణమున దొరకుచుండెను. చీర పూర్తి కాకమునుపే తీసికొన్న అడ్వాన్సు మాత్రలకు పోయెను. పిదప కోడలి చెవి కమ్మలు పోయెను.

“మావోడు మాత్ర మింగకుంటే మగ్గంలేకి దిగలేడు సామీ. మింగితే మా మాట వాని చెవికెక్కదు. ఎట్లన్నా చేసి మాన్పీండి,” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను.

నేను ఆ యువకునితో, “నాయనా, ఈ రోజుతో ఆ మాత్ర సరి. మళ్లీ ముట్టవద్దు” అని కఠినముగా చెప్పి, ప్రమాణము చేయించి, వాతహరమైన కషాయము, తైలము ఇచ్చి పంపితిని. దృఢ సంకల్పమున్న చాలునని ఆనాడు నా నమ్మకము.

మరునాటి రాత్రి నుండి అతనికి ఆగని ఆవులింతలు, కన్నుల వెంట, ముక్కు వెంట నీరు, ఒడలెల్ల గగుర్పాటు, కడుపులో మెలిపెట్టు నొప్పి, విరేచనములు. ఇంటివారు ముందు కలరా అనుకొనిరి. పిదప గాలి సోకినదనుకొని తాయెత్తు కట్టించిరి. పట్టుదల గలవాడు గనుక పదునొకండు దినములు ఓర్చుకొనెను. పండ్రెండవనాడు నొప్పి భరింపలేక, కొంత మద్యము త్రాగి, తనకు అలవాటైన ఆ ఎనిమిది మాత్రలను ఒక్కసారిగా మ్రింగెను. పది దినముల విరామమున దేహము తన పాత ఓర్పును కోల్పోయిన సంగతి అతనికి తెలియదు. నేనును చెప్పలేదు. అర్ధరాత్రి గురక వింతగా ఉండగా భార్య లేచి చూచిన, పెదవులు నీలమైనవి. ఊపిరి ఎక్కడో ఒకటి వచ్చుచున్నది.

108 వాహనము సమయమునకు వచ్చెను. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులు ఊపిరి నిలిపి, నాలక్సోన్ అను సూదిమందు ఇచ్చి బ్రతికించిరి. నేను చూడబోయినప్పుడు ఆ అమ్మాయి నన్ను నిందింపలేదు. “మీరు మానమన్న్యారు, మానినాడు. మానినంక ఏమయితాదో మాకెవురూ చెప్పల్యా సామీ,” అనెను. ఆ మాట నేటికిని నన్ను వీడలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి చరక సంహిత తెరచితిని. సూత్రస్థానమున ఏడవ అధ్యాయము: చిరకాలముగా అలవాటైన అహితమును ఒక్కసారిగా గాక, పాదము చొప్పున, అనగా నాలుగవ వంతు చొప్పున, నడుమ వ్యవధి నిచ్చుచు విడువవలెనని ఆచార్యుడు స్పష్టముగా శాసించెను. హఠాత్తుగా విడిచిన అదియే రోగమగును. బాల్యమున కంఠస్థము చేసిన పాఠమును, అవసరమైన వేళ నేను మరచితిని.

ఆ యువకుడు పిదప మానసిక వైద్యుల పర్యవేక్షణలో క్రమముగా మందు తగ్గించుకొనెను. నడుము చికిత్స నేను చేసితిని. సుమారు ఏడు మాసములకు మరల మగ్గమున కూర్చుండెను. ఈ ఫలితమున నా పాలు కొద్ది. ఆసుపత్రివారి పాలు అధికము.

దేహమున జరుగునది

ఈ మందులు మెదడున నొప్పిని గ్రహించు స్థానములను మూయును. అదే సమయమున సుఖభావమును కలిగించును. కొలది వారములలో దేహము ఆ మోతాదునకు అలవాటు పడి, అదే ఉపశమనమునకు మరింత కోరును. నొప్పికి మూలమైన దోషము మాత్రము అట్లే ఉండును; కొందరిలో దీర్ఘకాల వాడకము వలన నొప్పి గ్రహించు గుణమే పెరుగును. ఊపిరిని నడుపు మెదడు భాగము మందగించుటయే మరణ కారణము. మద్యముతోనో, ఆల్ప్రజోలం వంటి నిద్ర మాత్రలతోనో కలిసిన ఈ ప్రమాదము అనేక రెట్లు పెరుగును. ట్రమడాల్ అధికమైన మూర్ఛ కూడ రావచ్చును. సూదితో ఎక్కించుకొనువారు ఒకరి సూది ఒకరు వాడుట వలన ఎయిడ్స్, కాలేయపు వాపు వ్యాధులు గ్రామమునకే ప్రాకును.

గుర్తించు లక్షణములు

వాడుకలో ఉన్నప్పుడు: కంటిపాప సూది మొన వలె చిన్నదగును. కూర్చున్నచోటనే కునుకు, మలబద్ధము, దురద, ఆకలి మందగించుట, మాట తడబడుట కనబడును. ఇంటిలో ధనము, వస్తువులు మాయమగుట, ఖాళీ షీట్లు పరుపు క్రింద దొరకుట కూడ గమనింపదగినవి.

మందు అందనప్పుడు: పై కథలో చెప్పిన ఆవులింతలు, నీరు కారుట, గగుర్పాటు, విరేచనములు, నిద్ర లేమి, ఆందోళన. ఇవి సాధారణముగా ఒక దినము లోపల ప్రారంభమై, రెండు మూడు దినములకు తీవ్రమై, వారము పది దినములకు తగ్గును. ఇది దయ్యము కాదు, నటన కాదు, దేహధర్మము.

కుటుంబము చేయవలసినది

1. గదిలో పెట్టి తాళము వేయుట, కొట్టుట, ప్రమాణములు చేయించుట వలదు. గర్భిణి అయినచో హఠాత్తుగా మాన్పించుట తల్లికి, బిడ్డకు ప్రమాదకరము.

2. మానసిక వైద్యుని వద్దకో, ప్రభుత్వ వ్యసన విముక్తి కేంద్రమునకో తీసికొని పోవలెను. అచ్చట మోతాదును క్రమముగా తగ్గింతురు. అవసరమైనచో బ్యూప్రినార్ఫిన్ వంటి మందును వైద్యుల పర్యవేక్షణలో ఇత్తురు. ‘ఒక మత్తుకు మరొక మత్తా?’ అని కొందరు ఆక్షేపింతురు. లెక్కతో, కాపలాతో ఇచ్చునది ఔషధము. మా గురువుగారి తాళపు చెవిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

3. పాదాంశ క్రమము శాస్త్రోక్తమైనను, దానిని ఇంటిలో సొంతముగా చేయరాదు. ఎవరికి ఎంత, ఎన్ని దినములకు తగ్గింపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

4. పోలీసు భయముతో దాచవలదు. వ్యసనపరుడు స్వచ్ఛందముగా చికిత్సకు ముందుకు వచ్చిన, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరము విషయమున రక్షణ కల్పించు నిబంధన 1985 నాటి మాదక ద్రవ్యముల చట్టమున 64ఎ సెక్షన్‌గా కలదు.

5. వ్యసన విముక్తికి సలహా కొరకు 14446 అను జాతీయ సహాయ సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. అక్రమ విక్రయముల సమాచారమును మన రాష్ట్రమున 1972కు తెలుపవచ్చును.

6. మానిన పిదప తొలి మాసములే మిక్కిలి ప్రమాదకరము. ఒకసారి జారినను పాత మోతాదు ప్రాణాంతకమని రోగికి, ఇంటివారికి ముందే చెప్పవలెను. నేను చెప్పక విడిచిన మాట ఇదియే.

ప్రాణాపాయ వేళ

పిలిచినను, కుదిపినను పలుకకుండుట, ఊపిరి మిక్కిలి నెమ్మదించుట, గొంతులో గరగర, పెదవులు, గోళ్లు నీలమగుట కనబడిన వెంటనే 108కి ఫోను చేయుడు. మనిషిని ఒక ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టుడు. ఊపిరి ఆగినచో, తెలిసినవారు నోటితో ఊపిరి అందింపవలెను. మజ్జిగ, నిమ్మరసము, చింతపండు పులుసు, ఉప్పు నీరు పోయరాదు. స్పృహ లేనివాని గొంతులో పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును. ‘పండుకొంటే దిగుతుందిలే’ అని విడువరాదు. దొరకిన మాత్రల షీటును ఆసుపత్రికి వెంట తీసికొని పొండు.

నొప్పికి మూల చికిత్స

నొప్పి తగ్గనిచో మాత్ర మరల పిలుచును. కనుక నొప్పి మూలమును చూడవలెను. ఈ క్రిందివి నడుము నొప్పికే గాని, మత్తు మాత్రలు మాన్పుటకు గావని గమనింపుడు.

మగ్గము మీదివారు గంటకొకసారి లేచి నాలుగడుగులు నడువవలెను. కూర్చుండు పలకపై గట్టి మెత్త వేసికొనవలెను. పొలము పనివారు బరువునెత్తునపుడు నడుము వంచక మోకాళ్లు వంచవలెను. రాత్రి నువ్వుల నూనెనుగాని, మహానారాయణ తైలమునుగాని గోరువెచ్చగా నడుమునకు మర్దించి, వావిలాకు వేసి కాచిన నీటిలో గుడ్డ ముంచి కాపడము పెట్టిన వాతము శమించును. మధుమేహమున్నవారికి స్పర్శ తెలియకపోవచ్చును గనుక కాపడపు వేడి ముందు ఇంటివారు చేతితో చూడవలెను. మలబద్ధమున్నచో నొప్పి హెచ్చును. రాత్రి చెంచాడు త్రిఫలా చూర్ణము గోరువెచ్చని నీటితో పుచ్చుకొనవచ్చును. కటివస్తి, రాస్నాది కషాయము వైద్యుడు చూచి ఇవ్వవలసినవి. కాలికి తిమ్మిరి, బలహీనత, మూత్రము పట్టు తప్పుట, జ్వరముతో నొప్పి ఉన్నచో ఇంటి వైద్యము మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సంతలలో పేరు లేని పొట్లములలో అమ్ము ‘కీళ్లనొప్పుల చూర్ణముల’ను నమ్మవలదు. ఒక్క దినములో నొప్పి మాయమైనదనిన, ఆ చూర్ణమున ఏ ఇంగ్లీషు మందు కలిసినదో అని అనుమానింపుడు.

గృహిణులకు కొన్ని సూచనలు

కూరలలో, పాయసములో వాడు గసగసాల వలన భయము లేదు. మత్తు కాయ పాలలోనిది. అయితే గసగసాలను కడిగిన నీటినో, ఎండు కాయల కషాయమునో నిద్ర కొరకు త్రాగుట ప్రమాదకరము. పసిపిల్లలకు ఏ రూపముననైనను ఇవ్వరాదు. గల్ఫ్‌కు పోవు బిడ్డల పెట్టెలలో గసగసాలు కట్టి ఇవ్వవలదు, యు.ఎ.ఇ.లో అవి నిషిద్ధము. ట్రమడాల్ వంటి మాత్రలను వైద్యుని పత్రము, ఆ దేశపు అనుమతి లేక తీసికొని పోయినవారు జైలు పాలు కావచ్చును.

కోడీన్ గల దగ్గు మందులు ఈ జాతివే. సీసా ఎంత త్వరగా ఖాళీ అగుచున్నదో గమనింపుడు. షీటు మీద ఎర్రని గీత గల పెట్టెలో హెచ్చరిక ఉన్న మాత్రను వైద్యుని చీటీ లేక కొనవలదు, మిగిలినదానిని ఇరుగుపొరుగుకు ఇవ్వవలదు. ట్రమడాల్, కోడీన్, ఆల్ప్రజోలం వంటివి ‘హెచ్‌1’ పట్టికలోనివి. వీటిని అమ్మినపుడు వైద్యుని పేరు, రోగి పేరు, పరిమాణము దుకాణదారు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. వ్రాయక అమ్మువాడు మీకు మేలు చేయుట లేదు.

ఒక్క మాట మరువరాదు. క్యాన్సరు వంటి వ్యాధులలో భరింపరాని బాధ అనుభవించువారికి మార్ఫీన్ వరము. భయముతో వారికి దానిని దూరము చేయుట క్రూరత్వము. 2014లో చట్టమును సవరించి ఇట్టి అత్యవసర మందులు రోగులకు సులభముగా అందునట్లు చేసిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట్ల ఈ ఉపశమన వైద్యము జరుగుచున్నది. వైద్యుడు వ్రాసి ఇచ్చిన మార్ఫీన్‌ను పెద్దలకు నిస్సంకోచముగా ఇవ్వుడు. పెట్టెకు తాళము మాత్రము వేయుడు.

ముగింపు

నేడు నా వైద్యశాలకు మాత్రల షీటుతో వచ్చిన ప్రతివారికి మూడు మాటలు చెప్పుచున్నాను. ఇది ఏ జాతి మందో చెప్పుదును. ఒక్కసారిగా మానిన ఏమగునో చెప్పుదును. మానిన పిదప మరల పాత మోతాదు ముట్టిన ఏమగునో చెప్పుదును. అటు పిమ్మటనే నాడి చూతును. ఆ మూడు మాటలు ఆనాడు నేను చెప్పి ఉండిన, ఒక అమ్మాయి అర్ధరాత్రి భర్త ఊపిరులు లెక్కపెట్టవలసిన అవసరము రాకపోయెడిది.

పాఠకులు ఈ సాయంకాలము తమ ఇంటి మందుల డబ్బా ఒకసారి తెరచి, ప్రతి షీటు మీది పేరు చదువుదురు గాక. తెలియని పేరు ఉన్నచో వైద్యుని అడుగుడు. అవసరమై ఉంచినదానికి తాళము వేయుడు. శుభమస్తు.